మీటరు లెక్క మీ ఫోన్‌లోనూ ఉండాలి

సూరత్‌లో చీర అమ్మే తీరు పదేళ్లలో పూర్తిగా మారిపోయింది. నేసే చోట లెక్క రాసే తీరు మాత్రం అలాగే ఉంది. రింగ్ రోడ్డు మార్కెట్‌లో పొద్దున తీసిన చీర ఫొటో మధ్యాహ్నానికి వరంగల్‌లో ఒక ఇల్లాలి వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఆమె దాని మీద తన లాభం వేసుకుని తెలిసినవాళ్లకు పంపుతుంది. రాత్రిలోగా ఆర్డరు సూరత్‌కు తిరిగొస్తుంది. 2015లో పుట్టిన మీషో మొదట ఎదిగింది ఇలా ఇళ్లలో కూర్చుని అమ్మేవాళ్ల అండతోనే. ధర, రంగు, స్టాకు అందరికీ ఒకేసారి కనిపించడమే ఆ వ్యాపారానికి బలం. అదే చీర గుడ్డను నేసిన సాంచా (మరమగ్గం) దగ్గరికి, పాండేసర, భెస్తాన్, వడోద్ వైపు ఖాతాల్లోకి (మగ్గాల షెడ్లలోకి) వెళితే, కార్మికుడు నేసిన మీటర్లు ఖాతా చూసుకునే మాస్టర్ చేతిలోని నోట్‌బుక్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించవు. పగారు (జీతం) రోజున ఆ పుస్తకం ఏం చెబితే అదే కూలి.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ నుంచి తరాలుగా వచ్చి సూరత్ సాంచాల మీద బతుకుతున్న తెలుగువాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. సూరత్ మున్సిపాలిటీ నడిపే తెలుగు బడుల్లో చదివిన వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎంబ్రాయిడరీ పంచింగ్‌కు (డిజైను ఫైళ్ల తయారీకి), మార్కెట్ దుకాణాల్లో బిల్లింగ్‌కు, ఆన్‌లైన్ పార్సిళ్ల ప్యాకింగ్‌కు వెళ్తున్నారు. తండ్రి ఖాతాలో, కొడుకు ఆఫీసులో, తల్లి ఇంట్లోనే ధాగా (దారాల) కటింగ్‌లో ఉన్న ఇల్లు ఒకటి ఊహించుకోండి. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్ ఉంది. ఇన్నాళ్లూ అది మాటలకూ వీడియోలకూ పనికొచ్చింది. ఇప్పుడు పనిని నడిపించే పద్ధతే ఆ ఫోన్‌లోకి వస్తోంది. ఆ మార్పు సేటు వైపు మాత్రమే జరిగితే మనకు మిగిలేది నిఘా. మన వైపు కూడా జరిగితే మనకు దక్కేది లెక్క. ఈ రెండో దాని కోసం ఒక కార్మికుడు, ఒక గుమాస్తా, సొంత సాంచాలున్న ఒక చిన్న ఆసామి ఏం చేయగలరో చెప్పడానికే ఈ వ్యాసం.

పెద్ద కంపెనీలు ఈ దారిలో చాలా ముందే నడిచాయి. సోషల్ మీడియా పద్ధతులను ఆఫీసు పనికి వాడుకోవచ్చని ఆండ్రూ మెకాఫీ అనే అధ్యాపకుడు 2006లోనే రాశారు. 2008లో ఆఫీసుల కోసం యామర్ అనే సోషల్ నెట్‌వర్క్ వచ్చింది, నాలుగేళ్లకు మైక్రోసాఫ్ట్ దాన్ని 120 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒక చిన్న కంపెనీ వీడియో గేమ్ తయారు చేస్తూ తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక సాధనం కట్టుకుంది. గేమ్ 2012లో మూతపడింది, ఆ సాధనం స్లాక్ అయింది. ఫేస్‌బుక్ 2016లో ఆఫీసుల కోసమే వర్క్‌ప్లేస్ తెచ్చి, 2024లో దాన్ని మూసేస్తున్నట్టు చెప్పింది. ఈ కథల్లో నాకు ముఖ్యంగా తోచింది ఒకటుంది. సాధనం కొనగానే పని తీరు మారదు. పైవాడు గ్రూపులో సమాధానం చెప్పకుండా విడిగా పిలిచి చెబుతుంటే కింది వాళ్లు కూడా గ్రూపులో రాయడం మానేస్తారు. నెల తిరిగేసరికి ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు.

సోషల్ మీడియా నుంచి పనిలోకి నిజంగా రావాల్సినవి యాప్‌లు కావు, కొన్ని అలవాట్లు. విషయం ఒకరి చెవిలో కాకుండా సంబంధం ఉన్న అందరి ముందూ పడడం. ప్రశ్న హోదాను బట్టి కాకుండా తెలిసినవాడి దగ్గరికి నేరుగా వెళ్లడం. ఎవరు ఏం చేశారన్నది వాళ్ల పేరు మీద తేదీతో సహా పోగుపడడం. పని కోసం గుంపు కట్టడం, పని అయిపోగానే విడిపోవడం. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఈ నాలుగూ ఎంతో కొంత ఉన్నాయి. సూరత్ బట్టల పనికి ఇవి ఇంకా ఎక్కువ నప్పుతాయని నేను నమ్ముతాను. ఎందుకంటే ఇక్కడ ఒక్క పెద్ద కంపెనీ కప్పు కింద పనంతా జరగదు. నూలు ఒకరిది, పడుగు పోగులు చుట్టే బీము ఇంకొకరు కడతారు. నేత ఒక ఖాతాలో, రంగు ఒక ప్రాసెస్ హౌస్‌లో, ఎంబ్రాయిడరీ ఇంకో షెడ్డులో, రాళ్లు అతికించడం ఎవరింట్లోనో. చివరికి మడత, ప్యాకింగ్ మార్కెట్‌లో. వీటన్నిటినీ కలిపేది ఒక చలాన్ పుస్తకం, ఒక దలాల్, ఒక మాస్టర్. ఒక చోటి సంగతి ఇంకో చోటికి తెలియకపోవడం వల్లే ఈ మధ్యవాళ్లకు అంత బలం. అందరూ చెడ్డవాళ్లని కాదు. కానీ సంగతి ఎవరి దగ్గర ఆగితే అధికారం వాళ్ల దగ్గర ఉంటుంది.

దీనికి రోజూ జరిగే ఉదాహరణ గుడ్డలో తప్పు. రాత్రి పాలీలో (షిఫ్టులో) ఒక బీము మీద పడుగు పోగులు మాటిమాటికీ తెగుతుంటాయి. నూలు బలహీనంగా ఉందని నేసేవాడికి చేతి వేళ్లతోనే తెలిసిపోతుంది. అతను మాస్టర్‌కు చెబుతాడు. మాస్టర్ తెల్లారి సేటుకు చెబుదామనుకుంటాడు, చెబుతాడో లేదో. నూలు వ్యాపారి దాకా ఆ మాట పోనే పోదు. తాకా (నేసిన గుడ్డ చుట్ట) కోసి పంపుతారు. వారం తర్వాత ప్రాసెస్ హౌస్‌లో రంగు పడ్డాక గీతలు బయటపడతాయి. డ్యామేజీ కోత వెనక్కి వస్తూ వస్తూ అందరినీ దాటుకుని నేసినవాడి పగారు మీద ఆగుతుంది, ఎందుకంటే అతని దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆ రాత్రే సాంచా నంబరు, బీము నంబరు కనిపించేలా తెగిన పోగుల ఫొటో ఒకటి ఖాతా గ్రూపులో పడి ఉంటే కథ వేరు. సేటుకు నూలు వ్యాపారిని అడిగే ఆధారం దొరుకుతుంది. నేసినవాడికి కోత తప్పుతుంది. ఇద్దరికీ లాభమైన మార్పు ఇది. అందుకే సేటుతో మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే అంటాను.

ఎలా మొదలుపెట్టాలి? ‘మా హక్కు’ అని కాకుండా ‘మీ మాలు’ అని మొదలుపెట్టండి. "సేఠ్, మాలు ఖరాబ్ అయ్యే ముందే మీకు ఫొటో వస్తుంది, నూలువాడి దగ్గర మీరు కోత వేయించుకోవచ్చు" అంటే వినని సేటు తక్కువ. ఖాతాకు ఒక్క గ్రూపు. దానిలో బ్రేక్‌డౌన్, నూలు, బీము, తాకా సంగతులు తప్ప ఇంకేమీ రావొద్దని మొదటి రోజే చెప్పించండి. దేవుడి బొమ్మలకూ పెళ్లి కబుర్లకూ ఇంకో గ్రూపు ఉండనివ్వండి. సందేశం ఎప్పుడూ ఒకే వరసలో ఉండాలి: సాంచా నంబరు, పాలీ, టైము, బీము నంబరు, ఏం జరిగింది. ఖాతాలో ఒడియా అన్న, బిహారీ భయ్యా, మరాఠీ కాకా అందరూ ఉంటారు కాబట్టి హిందీలోనే రాయండి. "లూమ్ 14, రాత్ పాలీ, 2:20, తానా బార్ బార్ టూట్ రహా హై" అంటే అందరికీ చేరుతుంది. రాయడం రానివాళ్లు వాయిస్ పెడతారు, మంచిదే. కాకపోతే నెల తర్వాత వాయిస్ వెతికితే దొరకదు. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. పలక మీద చాక్‌పీస్‌తో సాంచా నంబరు, తేదీ రాసి దాన్ని పెట్టి ఫొటో తీయండి, దాని కిందే వాయిస్ పెట్టండి. అక్షరం రానివాడికి పక్క సాంచా కుర్రాడు ఆ పలక రాసి పెడితే చాలు.

గ్రూపు పుట్టినా పుట్టకపోయినా, సేటు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మీరొక్కరే చేయగల పని ఒకటుంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటే అదే గుర్తుంచుకోండి. తాకా కోసిన ప్రతిసారీ మాస్టర్ పుస్తకంలో మీ పేరు మీద పడిన గీత ఫొటో తీసుకోండి, ఆయనకు చెప్పి, ఆయన ముందే. దొంగతనంగా తీయొద్దు, గొడవ దానితోనే మొదలవుతుంది. "మాస్టర్‌జీ, ఇంట్లో లెక్క చూసుకోవడానికి" అంటే చాలామంది కాదనరు. కాదంటే పాలీ దిగాక మాస్టర్ నంబరుకే ఒక సందేశం పంపండి: ఈ రోజు ఇన్ని సాంచాలు, ఈ నంబర్ల నుంచి ఈ నంబర్ల దాకా, ఇన్ని తాకాలు, ఇన్ని మీటర్లు, ఈ బీము ఇంతసేపు ఆగింది. ఆయన జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. తేదీతో వెళ్లిన సందేశం, చదివినట్టు పడిన నీలి గీతలు, అది తప్పని ఎవరూ అనకపోవడం, ఇవన్నీ కలిసి లెక్కే. మీ చేతిరాత చీటీ ఒక్కటే ఉంటే ‘నువ్వు రాసుకున్నది’ అని కొట్టిపారేస్తారు. ఆయన ఫోన్‌కు ఆ రోజే చేరిన మాటను అలా కొట్టిపారేయడం కష్టం.

చట్టం కూడా ఈ విషయంలో మనవైపు కొంత ఉంది, అది చాలామందికి చేరలేదు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. మీటరు లెక్కన, పీసు లెక్కన పనిచేసేవాళ్లూ దాని కిందికే వస్తారు. నెల జీతమైతే తర్వాతి నెల 7లోగా ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా, రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. గుడ్డ పాడైందని కోత వేయాలంటే ముందు కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. సరిగ్గా ఇక్కడే ఆ రాత్రి 2:20 ఫొటో మీ మాట అవుతుంది. వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. కూలి బాకీ మీద మూడేళ్ల లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే. అయితే మీరు అక్కడ పనిచేశారని, ఇంత నేశారని తేలాలి కదా. లెక్క పెట్టుకోవడం అందుకే.

ఫోన్‌లోని సందేశాలను సాక్ష్యంగా చూపే దారి 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో, 63వ సెక్షన్‌లో ఉంది. దానితో పాటు ఒక సర్టిఫికెట్ జత చేయాలి, ఆ పని వకీలు చూసుకుంటారు. మీరు చూసుకోవాల్సినవి మామూలు సంగతులే. అసలు ఫోన్ పారేయొద్దు. లెక్కల చాట్‌లో వాటంతటవే మాయమయ్యే సందేశాల సెట్టింగు ఆన్ అయి ఉంటే తీసేయండి. పంపినవాళ్లు ఒక సందేశాన్ని, పంపి రెండు రోజులు దాటేదాకా కూడా, అందరి ఫోన్లలోంచీ తుడిచేయగలరు, కాబట్టి ముఖ్యమైనదాన్ని వెంటనే స్క్రీన్‌షాట్ తీసి మీ సొంత నంబరుకే పంపుకోండి. నెలకోసారి ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌లో పెట్టుకోండి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లకు పది నిమిషాల పని ఇది. అడిగితే సంతోషంగా చేసి పెడుతుంది.

పని దొరికే తీరు గురించి కూడా చెప్పాలి. సూరత్‌లో మనవాళ్లకు గ్రూపులు లేవని కాదు, ఉన్నాయి. ఊరి గ్రూపు, కుల సంఘం గ్రూపు, భజన మండలి గ్రూపు. కష్టం వచ్చినప్పుడు, చావుకు, పెళ్లికి, గది వెతుక్కోవడానికి వాటిని మించినవి లేవు. కానీ కొత్త పని సంగతి వాటిలో దొరకడం కష్టం, ఎందుకంటే అందులో అందరికీ తెలిసింది ఒక్కటే. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ మాట రాశారు: ఉద్యోగాల కబురు ఎక్కువగా దగ్గరివాళ్ల నుంచి కాదు, అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల నుంచి వస్తుందని. లింక్డిన్‌లో దాదాపు 2 కోట్ల మంది మీద ఐదేళ్లు చూసి 2022లో సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనం కూడా అదే తేల్చింది. మరీ దగ్గరా కాక మరీ దూరమూ కాక ఉన్న పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డాయి.

దీన్ని వడోద్‌లో ఎలా వాడుకోవాలి? ఊరి గ్రూపు వదలొద్దు. దానికి తోడు పని పేరు మీద ఉన్న రెండు గ్రూపుల్లో చేరండి. రేపియర్ ఫిట్టర్లది, వాటర్‌జెట్ ఆపరేటర్లది, మల్టీహెడ్ ఎంబ్రాయిడరీవాళ్లది, పంచింగ్ డిజైనర్లది, ఏది మీ పనైతే అది. భాష హిందీయో గుజరాతీయో అయినా వెనకాడొద్దు. చేరగానే పని అడగకండి. మొదట ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. ‘సెన్సర్ పదే పదే ఆగిపోతోంది’ అని ఎవరైనా రాస్తే, మీకు తెలిసిన కారణం ఫొటోతో పెట్టండి. ఆ చోట మీ పేరుకు గుర్తింపు వచ్చేది అలాగే. సోషల్ మీడియా ఇచ్చిన మంచి విషయాల్లో ఇదొకటి: పనితనం ఒక మాస్టర్‌కు మాత్రమే తెలిసిన రహస్యంగా ఉండనక్కర్లేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ఖాతా మారితే మళ్లీ కొత్తవాడిలాగే నిలబడాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఒక నిమిషం వీడియోలో బీము ఎక్కించడం, తెగిన పోగు ముడి వేయడం, మీ చేతుల వేగం చూపించండి. ఏ రకం సాంచాలు నడిపారో, ఒకేసారి ఎన్ని చూసుకుంటారో, ఏ గుడ్డ నేశారో నాలుగు మాటల్లో చెప్పండి. ఖాతా పేరు, సేటు డిజైను, పార్టీ పేరు మాత్రం కనిపించకూడదు. అది వాళ్ల సొత్తు, అది బయటికి వస్తే మీ మీద నమ్మకం పోతుంది.

పంచింగ్ నేర్చుకున్న పిల్లలకు ఇదే జాగ్రత్త ఇంకో వైపు నుంచి కావాలి. పని చూపించడానికి డిజైను బొమ్మ పంపండి, చిన్న సైజులో, పైన మీ పేరు అడ్డంగా వేసి. మిషన్ ఎక్కే ఫైలు మాత్రం డబ్బులు వచ్చాకే. ‘ఒకసారి శాంపిల్ ఫైలు పంపు, చూసి చెబుతా’ అన్నవాడు చాలాసార్లు మళ్లీ కనిపించడు. అంతకన్నా పెద్ద మోసం ఇంకొకటి ఉంది, వీడియోలకు లైకులు కొడితే డబ్బు, టాస్కులు పూర్తిచేస్తే కమిషన్ అంటూ వచ్చేది. మొదట కొద్దిగా ఇస్తారు, తర్వాత మీ దగ్గరే కట్టించుకుంటారు. పని ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. డబ్బు పోతే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇంట్లో కూర్చుని ధాగా కటింగ్, రాళ్లు అతికించడం, ఫాల్ కుట్టడం చేసే ఆడవాళ్ల సంగతి మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. పక్క గల్లీలో అదే చీరకు ఎంత ఇస్తున్నారో తెలియకపోవడం వాళ్లకు పెద్ద నష్టం. పని పంచే ఠేకేదారు ఒక్కో ఇంటికి ఒక్కో రేటు చెబుతాడు, ఒకరి రేటు ఇంకొకరికి తెలియదు. పదిమంది ఇళ్ల మధ్య ఒక గ్రూపు పెట్టి, ఈ వారం ఈ రకం పనికి ఈ రేటు అని ఫొటోతో రాసుకుంటే చాలు. అక్కడ ఠేకేదారును తిట్టుకోనక్కర్లేదు. రేటు మాత్రం రాయండి. రెండు మూడు వారాల్లో తక్కువ ఇచ్చేవాడికి పని చేసేవాళ్లు తగ్గుతారు, అతనే పెంచుతాడు. ఇలాంటి ఆలోచన గుజరాత్‌కు కొత్త కాదు. అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆవిడ 1972లో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘాన్ని పెట్టినప్పుడు, యజమానే లేని ఆడవాళ్లకు యూనియన్ ఏంటని రిజిస్ట్రేషన్ దగ్గర అడ్డు చెప్పారు. ఒకరి మీద పోరాడడానికే కాదు, ఒకరితో ఒకరు కలిసి ఉండడానికి కూడా యూనియన్ అని ఆమె వాదించి గెలిచారు. అప్పుడు ఒక్కో ఇంటి రేటు తెలుసుకోవాలంటే ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ తిరుగుడు లేదు. కలిసి నిలబడాలన్న ఆలోచన మాత్రం ఇంకా మనమే చేయాలి.

చీరలు అమ్ముకునే ఆడవాళ్లకు రెండు మాటలు. ‘రీసెల్లర్ మెంబర్‌షిప్’ అంటూ ముందే ఫీజు అడిగే గ్రూపుల జోలికి పోవద్దు. పార్సిల్ విప్పేటప్పుడు కత్తిరించడం దగ్గర నుంచి ఆగకుండా వీడియో తీయండి, రిటర్న్ గొడవలో అదొక్కటే నిలుస్తుంది. ఆన్‌లైన్ వేదికల మీద అమ్మాలంటే జీఎస్టీ తప్పనిసరి అన్న భయం ఇంకా ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి టర్నోవర్ పరిమితి లోపల ఉన్న చిన్న అమ్మకందార్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, తమ రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. గుజరాత్ నుంచి తెలంగాణకు పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి.

ఇప్పుడు ఈ పద్ధతుల చెడ్డ వైపు. సాంచాకు సెన్సర్ బిగిస్తే అది ఎన్ని పికులు (పేక పోగులు) కొట్టిందో, ఎంతసేపు ఆగిందో సేటు ఫోన్‌లో కనిపిస్తుంది. సీసీ కెమెరా ఉండనే ఉంది. లెక్క అందరికీ కనిపించాలని నేను వాదిస్తున్నప్పుడు, అది కార్మికుడికి కూడా కనిపించాలన్నదే నా షరతు. సాంచా ఆగిన నిమిషాలు చూపించే మిషన్, ఎందుకు ఆగిందో చూపించదు. నూలు తెగి ఆగిందా, బీము అయిపోయి ఆగిందా, కరెంటు పోయిందా, మనిషి నీళ్లు తాగడానికి వెళ్లాడా. సెన్సర్ పెడతామంటే వద్దని కొట్లాడడం కన్నా, ‘కారణం రాసే గడి పెట్టండి, ఆ లెక్క మాకూ నెలకోసారి ఇవ్వండి’ అని అడగడం మంచిది. ఆ లెక్క వచ్చిందంటే మీ నోట్‌బుక్ గొడవ సగం తీరినట్టే.

ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసే పిల్లలకు కష్టం వేరే రకం. రాత్రి పదకొండుకు ‘ఆ బిల్లు ఏమైంది’ అని సేటు సందేశం. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని గంటల తర్వాత జవాబు ఇవ్వకుండా ఉండే హక్కుకు చట్టం ఉంది. మనకు అలాంటి అండ లేదు కాబట్టి అలవాటుతోనే కట్టుకోవాలి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఒక సందేశం పెట్టండి: ఈ రోజు అయినవి ఇవి, మిగిలినవి ఇవి, రేపు పొద్దున మొదట చేసేది ఇది. సేటు రాత్రి ఫోన్ చేసేది చాలాసార్లు కోపంతో కాదు, తెలియక. ముందే తెలిస్తే ఆ ఫోన్ రాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఏడాది చివర పగారు పెంచమని అడిగేటప్పుడు ఆ సాయంత్రాల సందేశాలన్నీ మీ పనికి పుస్తకం అవుతాయి. అడిగే రోజుకు నాలుగైదు ముఖ్యమైనవి ఏరి పెట్టుకోండి. ఎంత పెంచాలో మీరే ముందు ఒక అంకె చెప్పండి.

కొంతమంది మనవాళ్లు కష్టపడి నాలుగు సాంచాలో, ఒక ఎంబ్రాయిడరీ మిషనో కొనుక్కుని ఆసాములయ్యారు. జాబ్‌వర్క్ చేసి ఇచ్చాక మార్కెట్ పార్టీ డబ్బు నెలల తరబడి రాకపోవడం వాళ్ల మెడ మీద కత్తి. చిన్న సంస్థల కోసం 2020 జూలైలో వచ్చిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోకపోతే ఇవాళే చేయించుకోండి, దానికి ఫీజు లేదు. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులో, అదీ 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో చిన్న సంస్థలకు డబ్బు ఇవ్వాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో కూడా గడువులోగా ఇవ్వని డబ్బును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడన్న నిబంధన వచ్చింది. సూరత్ మార్కెట్‌లో దాని మీద పెద్ద అలజడే రేగింది. అయితే గడువు లెక్క మొదలయ్యేది మాలు అందిన రోజు నుంచి. అందిన రోజు ఏదని వాదన వస్తే? చలాన్ ఫొటో, మాలు ఫొటో అదే రోజు పార్టీ నంబరుకు పంపి, ‘మిల్ గయా’ అన్న రెండు మాటల జవాబు తీసుకోండి. ఆ జవాబు లేకుండా టెంపో వెనక్కి రానివ్వొద్దని డ్రైవర్‌కు చెప్పండి. డబ్బు ఆగిపోతే ఆ చట్టం కింద ఫిర్యాదు వేయడానికి ఆ ఫొటోలే పనికొస్తాయి.

ఆసామి అయినవాళ్లకు ఇంకొక మాట, మీరు ఒకప్పుడు సాంచా మీద నిలబడినవాళ్లు కాబట్టే అంటున్నాను. మీ ఖాతాలో మీ కింద పనిచేసే ఇద్దరికి మీటరు లెక్క రోజూ పంపండి. మార్కెట్ పార్టీ నుంచి మీరు కోరుకునే నిజాయితీ అదే. మొదటి నెల పుస్తకం ఫొటో తీసి పంపితే చాలు, యాప్ కొనక్కర్లేదు.

చివరగా ఫోన్ నంబరు విషయం. ఈ లెక్కలన్నీ ఒక నంబరు మీద నడుస్తాయి. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ కార్డు, ఆధార్, ఉన్నవాళ్లకు పీఎఫ్, బ్యాంకు ఖాతా, పని గ్రూపులు, పాత మాస్టర్ల పరిచయాలు అన్నీ దానికే కట్టి ఉంటాయి. సంక్రాంతికో బతుకమ్మకో ఊరికి వెళ్లి రెండు నెలలు ఉండిపోతే, ఆఫర్లో చవగ్గా వస్తుందని అక్కడ కొత్త సిమ్ కొనుక్కుని పాతదాన్ని వదిలేస్తుంటారు. 90 రోజులు అసలు వాడకపోతే ఆ నంబరును కంపెనీ మూసేసి ఇంకెవరికో ఇవ్వొచ్చు. ఆ కొత్త మనిషికి మీ ఓటీపీలు వెళ్తాయి. కాబట్టి ఊళ్లో ఉన్నా పాత నంబరులో కనీస రీచార్జి వేయించండి, అప్పుడప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఫోన్ చేయండి. నంబరు తప్పనిసరిగా మార్చాల్సి వస్తే పాత సిమ్ పనిచేస్తుండగానే ముందు ఆధార్‌లో, బ్యాంకులో, ఆ తర్వాత వాట్సాప్‌లో నంబరు మార్చే సెట్టింగుతో మార్చండి. అలా చేస్తే గ్రూపులూ, చాట్‌లూ కొత్త నంబరుకు వస్తాయి. ఫోనే పోతే మొదట సిమ్ బ్లాక్ చేయించి, అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. బ్యాకప్ జీమెయిల్ పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.